ఈ.ఎస్.ఆర్. బాగున్నది, గుండె బాగులేదు

రామకృష్ణాపూర్ కార్మికవాడల్లో ఎవరికి ఛాతీలో నొప్పి వచ్చినా మొట్టమొదట వినిపించే మాట "గ్యాసు". వేళ తప్పిన భోజనం, రాత్రి షిఫ్టులో తాగిన ఛాయ్, సాయంత్రం తిన్న మిర్చిబజ్జీ... కారణాలకు కొరత ఉండదు. నొప్పి తగ్గితే గ్యాసు పోయిందంటారు, తగ్గకపోతే వైద్యుని వెతుక్కుంటారు. ముప్పై ఏళ్లుగా ఈ ఊరిలో ఆయుర్వేద వైద్యం చేస్తున్న నా వద్దకు అలా వచ్చినవారిలో చాలామందికి నిజంగానే అజీర్ణమే ఉండేది. ఆ చాలామందిని చూసి చూసి అలవాటుపడిన కన్నుతోనే నేను ఒకసారి ఘోరంగా పొరబడ్డాను. ఆ సంగతి పాఠకులకు విన్నవించుకోవలసిన బాధ్యత నాపై ఉన్నదని తలచి ఈ వ్యాసం రాస్తున్నాను.

అది 2011వ సంవత్సరం, మే నెల. అప్పటికి మా ఊరు ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. మంచిర్యాల జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరులో. రాత్రి షిఫ్టు ముగించుకొని బాయి నుండి నేరుగా వచ్చాడొక కార్మికుడు. వయస్సు నలభై ఎనిమిది. తట్టా చెమ్మసుతో బొగ్గు నింపడం మొదలుపెట్టి, ఆ తరువాత కప్పుకు ఊతాలు నిలిపే పనికి మారినవాడు. వెంట భార్య ఉన్నది. చేతిలో మడతపెట్టిన కాగితం ఉన్నది.

"సారూ, రెండు దినాలసంది ఛాతిల బరువు బరువుగ ఉంటున్నది. నిన్న రగతం పరీక్ష గూడ జేయించిన. గుండెకు ఏం లేదట. గ్యాసే" అన్నాడు.

కాగితం విప్పి చూశాను. ఈ.ఎస్.ఆర్. 14. తెల్లకణాలు 8,200. సి.ఆర్.పి. నెగెటివ్. నిజం చెప్పాలంటే, ఆ 'నెగెటివ్' అన్న అక్షరాలు చూడగానే నా మనస్సు కుదుటపడింది. రోగి చెప్పినదే నేనూ నమ్మాను. నాడి చూసి, శొంఠి, వాము, సైంధవ లవణం కలిపిన వేడినీరు తాగించి, బయట బల్లపై కాసేపు పడుకోమన్నాను. అరగంట దాటిన తరువాత ఆయన భార్య లోపలికి వచ్చి, "అయ్యా, ఈయన చెమట జూడుండ్రి, గిట్ల ఎన్నడు లేదు" అన్నది. బాయిలో పనిచేసేవానికి చెమట కొత్తా అని నవ్వబోయాను. లేచి వెళ్లి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉన్నది. మే నెలలో, మా బొగ్గుగనుల ఎండలో, చల్లని చెమట! ఎడమ దవడ లాగుతున్నదని అప్పుడు చెప్పాడు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాము. ఈ.సి.జి. తీసిన నిమిషాల్లోనే గుండెపోటు అని తేలింది. రక్తపుగడ్డను కరిగించే సూది ఇచ్చారు, మనిషి బ్రతికాడు. నొప్పి ఎప్పుడు మొదలైందని డాక్టరుగారు గుచ్చి గుచ్చి అడిగారు. తెల్లవారుజామున నాలుగున్నర నుండి విడవకుండా ఉన్నదట. ఆ గంటల్లో సుమారు నలభై నిమిషాలు నా బల్లపై గడిచాయి. గుండె కండరంలో కొంతభాగం తిరిగి కోలుకోలేదు. ఆయన మరల బాయి దిగలేదు, ఉద్యోగ విరమణ వరకు ఉపరితలంలో తేలిక పని చేశాడు. ఇప్పటికీ ఎదురుపడితే నమస్కరిస్తాడు. ఆ నమస్కారం నాకు బరువుగానే ఉంటుంది.

ఒక విశేషం చెప్పాలి. ఆసుపత్రిలో అయిదవనాడు తీసిన రక్తంలో అదే సి.ఆర్.పి. పాజిటివ్ అని, ఈ.ఎస్.ఆర్. 60కి పైన అని వచ్చాయి. ఆ కాగితాన్ని నేను అడిగి తీసుకొని చాలాసేపు చూశాను. పరీక్ష అబద్ధం చెప్పలేదు. అడగకూడని ప్రశ్న దానిని నేను అడిగాను.

ఆ అంకెలు దేనిని కొలుస్తాయి?

దెబ్బ తగిలినచోట ఎరుపు, వేడి, వాపు, నొప్పి కలగడం అందరికీ అనుభవమే. దీనిని శోథ అంటారు. శరీరం లోపల ఎక్కడ శోథ పుట్టినా దాని జాడ రక్తంలో కనిపిస్తుంది. ఈ.ఎస్.ఆర్. ఆ జాడను పట్టే పాత పరీక్ష. నిలువుగా నిలబెట్టిన గాజుగొట్టంలో ఎర్రకణాలు గంటకు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. శోథ ఉన్నప్పుడు రక్తంలో ఫైబ్రినోజెన్ వంటి మాంసకృత్తులు పెరిగి, కణాలు నాణేల దొంతరల్లా ఒకదానికొకటి అంటుకొని త్వరగా దిగుతాయి. పోలండు వైద్యుడు బియర్నాట్స్కీ 1897లో దీనిని గుర్తించగా, స్వీడనుకు చెందిన వెస్టర్‌గ్రెన్ 1921లో ప్రకటించిన పద్ధతి నేటికీ ఆయన పేరుతోనే సాగుతున్నది.

సి.ఆర్.పి. అనగా సి-రియాక్టివ్ ప్రోటీన్. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తంలో దీనిని కనుగొన్నారు. ఆ సూక్ష్మజీవి పైపొరలోని 'సి' అనే పదార్థంతో కలిసి అవక్షేపం ఏర్పరచినందున ఆ పేరు వచ్చింది. దీనిని తయారుచేసేది కాలేయం. ఎక్కడో కణజాలం దెబ్బతింటే అక్కడ చేరిన రక్షణకణాలు కొన్ని రసాయన సంకేతాలు పంపుతాయి, అవి అందిన తరువాత కాలేయం పని మొదలుపెడుతుంది. అందుచేత గుండె కండరం చావడం మొదలైన తరువాత సి.ఆర్.పి. పెరగడానికి ఆరేడు గంటలైనా పడుతుంది. రెండు మూడు రోజులకు అది శిఖరానికి చేరుతుంది. ఈ.ఎస్.ఆర్. ఇంకా మందగామి. అది రోజుల మీద పెరిగి వారాల తరబడి నిలుస్తుంది. తెల్లకణాలు కొన్ని గంటల్లోనే పెరుగుతాయి గాని, జ్వరానికీ పెరుగుతాయి, పంటినొప్పికీ పెరుగుతాయి.

నా రోగి రక్తం తీసింది గుండెపోటుకు ముందురోజు! పైగా చిన్న ల్యాబుల్లో వాడే లేటెక్స్ పరీక్ష లీటరుకు సుమారు 6 మిల్లీగ్రాములు దాటితేనే పాజిటివ్ చూపుతుంది. అంతకు లోపు ఎంత ఉన్నా నెగెటివ్ అనే రాస్తారు. ఆ మాటకు మేమిద్దరం "గుండె బాగున్నది" అని అర్థం చెప్పుకున్నాము.

మా కార్మిక సోదరులకు అర్థమయ్యే పోలిక ఒకటి చెబుతాను. మూసివేసిన పానెల్ వెనుక బొగ్గు తనంతట తాను వేడెక్కుతుంటే కార్బన్ మోనాక్సైడ్ కొలత పెరుగుతుంది, జాగ్రత్తపడమని చెబుతుంది. కాని ఏ గంటలో ఏ కప్పు కూలుతుందో ఆ కొలత చెప్పదు. కప్పు సంగతికి కప్పునే చూడాలి, తట్టి వినాలి. శోథను కొలిచే పరీక్షలు గాలిలోని ఆ కొలత వంటివి.

ఈ అలవాటు ఎక్కడిది?

ఇది వైద్యుల మూర్ఖత్వం నుండి పుట్టిన అలవాటు కాదు. 1912లో షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ గుండె రక్తనాళం మూసుకుపోయినా మనిషి కొంతకాలం బ్రతకవచ్చునని చెప్పేవరకు ఈ జబ్బును బ్రతికుండగా గుర్తించడమే అరుదు. ఆ తరువాత దశాబ్దాల పాటు వైద్యునికి దక్కిన ఆధారాలు తక్కువ: నొప్పి, ఈ.సి.జి., మరునాడు వచ్చే స్వల్పజ్వరం, పెరిగిన తెల్లకణాలు, పెరిగిన ఈ.ఎస్.ఆర్. 1954లో ఎస్.జి.ఓ.టి. అనే ఎంజైము గుండెపోటులో పెరుగుతుందని తేలింది. ఆ తరువాత సి.కె.-ఎం.బి. వచ్చింది. జపాను శాస్త్రజ్ఞుడు ఎబాషి 1960లలో కండరంలో ట్రోపోనిన్‌ను కనుగొనగా, గుండెకే ప్రత్యేకమైన ట్రోపోనిన్‌ను రక్తంలో పట్టే పరీక్షను 1989లో జర్మనీకి చెందిన కాటుస్ బృందం అందించింది. 2000 సంవత్సరంలో యూరప్, అమెరికా హృద్రోగ వైద్యసంఘాలు గుండెపోటు నిర్వచనాన్నే ట్రోపోనిన్ ఆధారంగా మార్చివేశాయి. కండరకణం పగిలితే దానిలోని పదార్థమే రక్తంలోకి కారుతుంది గనుక కాలేయం దాకా కబురు వెళ్లే ఆలస్యం ఇందులో లేదు.

అయినా ట్రోపోనిన్‌కు కూడా రెండు మూడు గంటలు కావాలి. మొదటిసారి మామూలుగా ఉంటే కొద్ది గంటల్లో మళ్లీ చూస్తారు. మూత్రపిండాల జబ్బులోనూ అది కొంత పెరిగి ఉంటుంది. అన్నిటికంటె ముందు ఈ.సి.జి. ఛాతీనొప్పితో ఆసుపత్రి చేరినవానికి పది నిమిషాల్లోపు తీయాలన్నది నేటి నియమం. దానిలో స్పష్టమైన మార్పు ఉంటే ఏ రక్తపరీక్ష కోసమూ ఆగరు.

శోథ పరీక్షలు నిరర్థకమని నా భావం కాదు. పిల్లల్లో గొంతునొప్పి తరువాత వచ్చి గుండె కవాటాలను పాడుచేసే కీళ్లజ్వరాన్ని నిర్ణయించడంలో ఈ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. ముఖ్య సాక్ష్యాలు. గుండెపై పొర వాచినప్పుడు, కవాటాలకు సూక్ష్మజీవులు పట్టినప్పుడు వాటి విలువ అపారం. గుండెపోటు తరువాత సి.ఆర్.పి. మిక్కిలి పెరిగినవారిలో నష్టం కూడా ఎక్కువని తెలిసింది. వాటి చోటు వాటికున్నది, ఛాతీనొప్పి తొలి గంట మాత్రం వాటిది కాదు.

ప్రాచీనులకు ఈ తొందర తెలుసు. చరకుడు హృద్రోగాన్ని అయిదు విధాలుగా విభజించాడు. శిరస్సు, హృదయం, వస్తి మూడు ప్రధాన మర్మాలన్నాడు. సుశ్రుతుడు ఊపిరిని అడ్డగించే హృచ్ఛూలను ప్రత్యేకంగా వర్ణించి, హృదయాన్ని సద్యఃప్రాణహర మర్మాల్లో చేర్చాడు. అనగా దెబ్బతింటే అప్పటికప్పుడు, లేదా ఏడు రాత్రుల్లోపు ప్రాణం తీసేది. ఇది చదివి కూడా నేను శొంఠినీళ్లు ఇచ్చి కూర్చున్నాను. కొందరు మిత్రులు "సి.ఆర్.పి. అంటే మన ఆమమే" అని వ్యాసాలు రాస్తుంటారు. నాకు ఆ సమీకరణం రుచించదు. రెండు శాస్త్రాల మాటలను పక్కపక్కన పెట్టినంత మాత్రాన రెండూ ఒకటి కావు, రోగికి ఒరిగేదీ లేదు.

ముందుజాగ్రత్తలో శోథ స్థానం

నేడు సున్నితమైన సి.ఆర్.పి. పరీక్ష ఒకటి ఉన్నది. అది ఆరోగ్యవంతునిలోని స్వల్ప శోథను కూడా కొలుస్తుంది. 1997లో హార్వర్డుకు చెందిన పాల్ రిడ్కర్ బృందం, ఆరోగ్యంగా ఉన్న అమెరికా వైద్యుల రక్తంలో ఈ అంకె బాగా ఎక్కువగా ఉన్నవారికి తరువాతి సంవత్సరాల్లో గుండెపోటు ప్రమాదం దాదాపు మూడు రెట్లున్నదని చూపింది. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు తక్కువ ప్రమాదం, 3 దాటితే ఎక్కువ అని లెక్క. 10 దాటితే మాత్రం ఏదో జబ్బో గాయమో ఉన్నదని తలచి, అది తగ్గిన తరువాత మళ్లీ చూడాలి. మా ప్రాంతంలో ఈ చివరి మాట మిక్కిలి ముఖ్యం. ఏళ్లతరబడి దుమ్ము పీల్చిన ఊపిరితిత్తులు, బీడీ, చీముపట్టిన చిగుళ్లు, కీళ్లవాతం, లావెక్కిన నడుము అన్నీ ఆ అంకెను పెంచేవే. ఒకసారి ఒక పెద్దామెకు సి.ఆర్.పి. 48 వచ్చిందని ఇల్లంతా ఏడుస్తూ నా వద్దకు తెచ్చారు. గుండె ఆపరేషన్‌కు కమ్మలు కూడా కుదువ పెట్టారట. చెప్పు విప్పించి చూస్తే మధుమేహం వల్ల పట్టు తెలియని పాదంలో వేళ్ల మధ్య పుండు!

శోథను తగ్గిస్తే గుండెపోటు తగ్గుతుందా అన్న ప్రశ్నకు 2017లో గట్టి సమాధానం వచ్చింది. ఒకసారి గుండెపోటు వచ్చిన 10,061 మందిపై కనకినుమాబ్ అనే సూదిమందును పరీక్షించగా, కొలెస్టరాల్ మారకుండానే, 150 మిల్లీగ్రాముల మోతాదులో మళ్లీ ముప్పు వచ్చే అవకాశం 15 శాతం తగ్గింది. కాని ప్రాణాంతకమైన సూక్ష్మజీవుల జబ్బులు కొంత పెరిగాయి. మొత్తం మరణాలు తగ్గలేదు. అంకె తగ్గడం వేరు, ఆయుస్సు పెరగడం వేరు.

ఆ మరుసటి సంవత్సరం ఫలితం వచ్చిన మరొక పరీక్ష తెలుగువారికి మనస్సు తాకేది. అందులోని మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో 1895లో జన్మించి, మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు కూడా చెప్పి, తరువాత అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాల నుండి వచ్చిన మందుల కుటుంబానికి చెందినది అది. పిల్లల రక్తపు క్యాన్సరుకు తొలి ఊరట నిచ్చింది ఆ కుటుంబమే. నేడు కీళ్లవాతంలో శోథను అణచడానికి విరివిగా వాడుతున్నారు. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో గుండెపోటుతోనే మరణించారు. వయస్సు యాభై మూడు. డెబ్బై ఏళ్ల తరువాత 4,786 మంది హృద్రోగులకు ఆ మందును చిన్న మోతాదులో ఇచ్చి చూస్తే సి.ఆర్.పి. తగ్గలేదు, గుండెపోట్లూ తగ్గలేదు. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు వచ్చే మధ్యస్థ వయస్సు కూడా యాభై మూడేనని, మిగతా ప్రపంచంలో అది దాదాపు యాభై తొమ్మిది అని 2007లో ప్రచురితమైన అధ్యయనం చెబుతున్నది. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04 ప్రాంతంలో జరిగిన మరణాలను పరిశీలిస్తే 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనేనని తేలింది. ఇది పట్నపు ధనికుల జబ్బు అనుకునే రోజులు ఎప్పుడో పోయాయి.

ఇక మూలికాప్రియులకు ఆసక్తి కలిగించేది కాల్చిసిన్. వానాకాలంలో మన అడవుల అంచుల్లో, కంచెలపై పాకుతూ నిప్పుసెగ వంటి ఎరుపు పసుపు రేకులతో పూసే అగ్నిశిఖ మొక్కను చూసే ఉంటారు. అడవినాభి అని కూడా అంటారు. సంస్కృతంలో లాంగలి. ఆ మొక్క గింజల్లో, దుంపలో ఉండేది కాల్చిసినే. 2019లో ఇటీవల గుండెపోటు వచ్చిన 4,745 మందికి రోజుకు అర మిల్లీగ్రాము చొప్పున ఇస్తే మళ్లీ వచ్చే ముప్పులు 7.1 శాతం నుండి 5.5 శాతానికి తగ్గాయి. 2023లో అమెరికా ప్రభుత్వం ఈ ఉపయోగానికి అనుమతి ఇచ్చింది. 2024లో ఏడువేల మందిపై జరిగిన మరొక పెద్ద పరీక్షలో మేలు కనిపించలేదు. చర్చ ఇంకా ముగియలేదు. ఇది చదివి ఎవరూ దుంప తవ్వి తినరాదు! రసశాస్త్రం లాంగలిని ఉపవిషాల్లో లెక్కించి శుద్ధి చేయనిదే వాడరాదన్నది ఊరకే కాదు. అర మిల్లీగ్రాముకు, ప్రాణం తీసే మోతాదుకు మధ్య తేడా దుంపను చూసి చెప్పగలిగేది కాదు.

పసుపు, వెల్లుల్లి తింటే సి.ఆర్.పి. తగ్గుతుందా అని తరచు అడుగుతారు. పసుపులోని కర్కుమిన్ ఆ అంకెను కొంత తగ్గించినట్లు చిన్న పరీక్షలు కొన్ని చూపాయి. గుండెపోటును ఆపినట్లు ఎవరూ చూపలేదు. వంటలో వాడుకోండి, మంచిదే. చక్రదత్తుడు చెప్పిన తెల్లమద్ది బెరడు క్షీరపాకం నేను కూడా ఇస్తుంటాను. అయితే జబ్బు కుదుటపడిన తరువాత, డాక్టరు ఇచ్చిన మాత్రలకు తోడుగానే గాని బదులుగా కాదు. మరి శోథకు మందేమిటంటే బీడీ మానడం, రెండుపూటలా చిగుళ్లు శుభ్రం చేసుకోవడం, నడుము చుట్టుకొలత తగ్గించడం, చక్కెరను, రక్తపోటును అదుపులో ఉంచడం. ఇవి చెబితే రోగి ముఖం చిన్నబుచ్చుకుంటాడు. ఏదైనా లేహ్యం చెబుతారనుకున్నాడు పాపం.

ఛాతీ మధ్య బరువు, బిగింపు, అది భుజానికో దవడకో వీపుకో పాకడం, చల్లని చెమట, ఆయాసం, వాంతి వచ్చినట్లుండడం - వీటిలో ఏవైనా పావుగంట మించి ఉంటే సోడా, వాము, నూనె మర్దన అన్నీ పక్కనపెట్టి 108కి ఫోను చేయాలి. 2005 నుండి ఆ బండి మనకు అందుబాటులో ఉన్నది. రోగిని నడిపించరాదు, మోటారు సైకిలు తోలనివ్వరాదు. ఆస్పిరిన్ పడనివారు, కడుపులో పుండు నుండి రక్తం పోయేవారు తప్ప, 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ మాత్ర నమిలి మింగడం మేలు. ఫోనులో వైద్యసిబ్బందిని అడిగి ఆ పని చేయవచ్చును. మధుమేహం ఉన్నవారిలో, స్త్రీలలో నొప్పి లేకుండా ఉత్త ఆయాసంగానే రావచ్చునని మరవరాదు. నిన్నటి రక్తపరీక్ష కాగితం ఎంత బాగున్నా జేబులోనే ఉండనీయండి.

మొన్న వానాకాలంలో ఒక యువకుడు ఛాతీ పట్టుకొని వచ్చాడు. తండ్రి చేతిలో రిపోర్టు ఉన్నది, చాచి ఇచ్చాడు. నేను విప్పలేదు, అదే ఆటోలో ఆసుపత్రికి పంపాను. రెండు ఈ.సి.జి.లు, రెండుసార్లు ట్రోపోనిన్ చూశారట. అన్నీ మామూలే. సాయంత్రం తండ్రి వచ్చి, "ఉత్తగనే ఉరికిచ్చినవు సారూ, ఆటోకే మున్నూరు అయినై. వట్టి గ్యాసేనట" అని నిష్ఠూరమాడాడు. ఆ పిలగాణ్ణి మరునాడు పొద్దున తీసుకురమ్మని చెప్పి, శొంఠి, వాము దంచి పెట్టుకున్నాను.